మా ఇంటి సాక్ష్యం

2022 ఆగస్టు. స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్ళు నిండాయని ఇంటింటికీ జెండాలు పంచుతున్న రోజులు. మా పాప అప్పుడు తొమ్మిదో తరగతి. "మీ కుటుంబం కళ్ళారా చూసిన చారిత్రక ఘట్టం" గురించి రెండు పేజీలు రాసుకురమ్మన్నారు బళ్ళో. పాప వాళ్ళ నాయనమ్మనడిగి, నన్నడిగి, రాసుకెళ్ళింది. టీచరమ్మ చదివి, "ఇది చరిత్ర కాదమ్మా, కులగొడవ. ఇంకేదైనా మంచిది రాసుకురా" అని నోటుబుక్కు తిరిగిచ్చింది.

పాప రాసింది 1985 జులై 17 గురించి. కారంచేడు గురించి.

ఇంటికొచ్చి ఏడవలేదు. ఒక్క మాటడిగింది. "నాన్నా, మనోళ్ళు చూస్తే చరిత్ర అవదా?"

ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నా. పాపకే కాదు, ఆ టీచరమ్మకూ, చరిత్రంటే తమ ఇంటి ఆల్బం అనుకునే వాళ్ళందరికీ.

మేం మాదిగలం. చీరాల పక్కన పల్లె. మా పల్లెలో "సాక్ష్యం" అనే మాట అందరికీ తెలుసు. ఆదివారం చర్చిలో లేచి నిలబడి తన మీదికి వచ్చింది తను చెప్పడమే సాక్ష్యం. మా నాయనమ్మ సాక్ష్యం చెప్తుంటే పాస్టరుగారు కూడా తలొంచుకుని వినేవాడు. "అప్పుడు టైమెంతయింది? నువ్వు ఎన్ని గజాల దూరంలో ఉన్నావు?" అని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్నలు మాకు తర్వాత కోర్టుల్లో ఎదురైనాయి.

మా ఇంటి మొదటి సాక్షి మా తాతకు తాత. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషను క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నాడు. మాదిగలు పిల్లాజెల్లాతో కదిలొచ్చి తవ్వారు. మా తాత తాత అప్పటికి మీసాలు రాని కుర్రోడు. పార పట్టిన చేతుల్లో కాయలు ముసలితనం దాకా పోలేదంట. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో ఆయనొకడు. చరిత్ర చెప్పేవాళ్ళు దొర పేరు చెప్తారు, అంకె చెప్తారు. మా వాళ్ళ పేర్లు చెప్పరు. దొరకు పేరు, మాకు లెక్క!

పైగా ఎగతాళి. అన్నం కోసం మతం మారారంట. కరువు పనులు నడిచినన్నాళ్ళూ ఆ దొర బాప్తిస్మాలు ఆపేశాడని వీళ్ళు చెప్పరు. కరువు కూలి అయిపోయాకనే మా వాళ్ళు ఏట్లో దిగారు. అసలు ఆ కదలికకు మొదలు దొర ఒక్కడే కాదు. తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ, యర్రగుంట్ల పేరయ్య, 1866లోనే బాప్తిస్మం తీసుకుని పల్లెపల్లెకూ తిరిగి చెప్పాడు. సరే, అన్నం కోసమే అనుకుందాం. ఆకలితో చస్తున్నోడికి గుక్కెడు గంజి పొయ్యని మతం, వాడు వెళ్ళిపోతే నవ్వడానికి ఏ మొహం పెట్టుకుని వస్తుంది?

1947 ఆగస్టు 15కు మా తాత సాక్షి. జెండా ఎక్కిస్తున్నారని ఊరంతా తిరిగి డప్పు కొట్టింది ఆయనే. జెండా కాడ అందరి చేతుల్లో మిఠాయి పెట్టారు. మా తాత పరిచిన కండువాలో పైనుంచి జారవిడిచారు. స్వాతంత్ర్యం ఆయన దాకా అంత ఎత్తునుంచి వచ్చింది. ఆయన కోపంగా చెప్పేవాడు కాదు, నవ్వుతా చెప్పేవాడు. ఆ నవ్వు అర్థం కావడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

1952 ఎన్నికలకు మా నాయనమ్మ సాక్షి. అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. ఎద్దుల పెట్టెలోనే వెయ్యాలని ఆసామి ముందురోజే కబురు పెట్టాడు. ఆమె లోపలికెళ్ళి చూసింది. అక్కడ ఆసామి లేడు, జీతగాడు లేడు, మా తాత కూడా లేడు. "గుడిసె బొమ్మ కనపడిందిరా. మనం ఉండేది గుడిసెలోనే గదా, దాంట్లో వేశా" అనేది. ఆ సంగతి ముప్పై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. అంబేద్కర్ రాసిన రాజ్యాంగం ఆమె చదవలేదు. ఆ చాటున మాత్రం దాన్ని అమలు చేసింది.

ఇక 1985. నాకు పదకొండేళ్ళు. కారంచేడులో మాదిగలు మంచినీళ్ళు తెచ్చుకునే చెరువు దగ్గర గేదెల కుడితి కలిపి మురికి చేస్తుంటే వద్దన్నారు. కొట్టబోతే మున్నంగి సువార్త నీళ్ళ బిందె ఎత్తింది. ఆ మర్నాడు, జులై 17న, కమ్మ భూస్వాములు పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడపిల్లల్ని చెరిచారు. మిగిలినోళ్ళు చీరాల పరిగెత్తారు. చర్చి ఆవరణలో శిబిరం. మా పల్లె నుంచి బియ్యం, చింతపండు, పాత చీరెలు మోసుకుని వెళ్ళారు. మా అమ్మ అక్కడ వారం రోజులు వంట చేసింది. మా నాయన మీటింగులకెళ్ళాడు. బొజ్జా తారకాన్నీ, కత్తి పద్మారావునీ అక్కడే మొదట చూశాడు. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. దేశానికి 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చిందంటే ఆ శిబిరం పొగ దాని వెనక ఉంది. మరి ఇది చరిత్ర కాకపోతే ఏది చరిత్ర? పార్లమెంటులో చట్టమైతే చరిత్ర, పల్లెలో రక్తమైతే గొడవనా?

కోర్టులేం చేశాయి? కారంచేడు కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 డిసెంబరు. ఇరవై మూడేళ్ళు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని సాక్ష్యం చెప్పారు మన వాళ్ళు. 2007 జులై 31న ఇరవై ఒక్క మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చంపిన సమయం, చోటు, చంపిందెవరు, ఇవి ఖచ్చితంగా రుజువు కాలేదంట. తరుముతుంటే పొలాలకడ్డం పడి పరిగెత్తేవాడు గడియారం చూసుకోవాలి. తుంగభద్ర కాలవలో గోనెసంచుల్లో దొరికిన శవాలు తమ టైము తామే చెప్పాలి. మనం చూసింది కోర్టుకు చాలదు, బడికి చాలదు, పుస్తకానికి చాలదు. ఇంకెవరు చూస్తే చాలుతుంది?

కారంచేడులో పోయింది మాదిగలు. చుండూరులో ఎక్కువమంది మాలలు. రెండు శిబిరాల్లోనూ పొయ్యి ముందు కూర్చున్నది మా అమ్మలాంటోళ్ళే. ఈ మాట మాల అన్నలకూ గుర్తుండాలి, మాకూ గుర్తుండాలి. 1994 జులై 7న మా జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైంది. మా తాత అటక మీది డప్పు దించి మంట కాడ కాచాడు. డెబ్బై నాలుగేళ్ళ వయసులో ఎవరి జెండా కోసమూ కాకుండా మొదటిసారి తనకోసం కొట్టుకున్నాడు. అప్పటిదాకా కాలేజీలో నా కులం అడిగితే "క్రిస్టియన్" అని తప్పించుకునేవాణ్ణి. ఆ రోజు సిగ్గుపడ్డాను. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టులో ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు వర్గీకరణ చెల్లుతుందన్నారు. ముప్పై ఏళ్ళు. టీవీలో ఆ వార్త చూడ్డానికి మా తాత లేడు, నాయన లేడు. అమ్మ ఉంది, నేనున్నా, పాప ఉంది.

విద్యార్థి మిత్రులారా, ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. బయటోళ్ళు మన సాక్ష్యం కొట్టేశారని అరుస్తాం. మన ఇంట్లో మనం కొట్టేసిన సాక్ష్యాల సంగతేంటి? మా నాయన బతికినన్నాళ్ళూ శిబిరం కథ ఆయనే చెప్పాడు. ఉపన్యాసాలు, నాయకులు, ఊరేగింపులు. వారం రోజులు అక్కడే ఉన్న అమ్మను నేను ఒక్కసారి కూడా అడగలేదు. నలభై ఏళ్ళ వయసు దాటినా అడగలేదు. అడిగింది నా కూతురు.

బడి వాళ్ళు తిప్పిపంపిన ఆ రెండు పేజీల్ని పాప వాళ్ళ నాయనమ్మకు చదివి వినిపించింది. అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. "మా నాయనమ్మ బియ్యం బస్తాలు ఎడ్లబండి మీద తీసుకెళ్ళింది" అన్న చోట ఆపింది.

"బండి అని ఎవరు చెప్పారే?"

"నాన్న."

"వాడు పిల్లోడు, వాడికేం తెలుసు? మనకు బండెక్కడిది? ఆసామిని అడిగితే ఇస్తాడా? నెత్తిన మోసుకెళ్ళాం. బస్తాలు కూడా కాదు, మూటలు. కొట్టెయ్యి, సరిగ్గా రాయి."

మిత్రులారా, మన సాక్షులు నిలకడ లేనోళ్ళని రాసే పెద్దమనుషులు వచ్చి ఈ ముసలమ్మ ముందు కూర్చోవాలి. తన మనవరాలి పుస్తకంలో తనకు గొప్ప తెచ్చే అబద్ధాన్ని కూడా ఆమె ఉండనివ్వలేదు.

పాప ఆ లైను కొట్టేసి, పైన సరిగ్గా రాసింది. మళ్ళీ అదే పుస్తకం బడికి పట్టుకెళ్ళింది. వేరే ఘట్టం రాయలేదు. మీరూ రాయకండి. ముందు ఇంట్లో అమ్మనడగండి.