ఆమెను అడిగారా?

క్యాన్సర్ వార్డులో నా చెవులారా విన్న మాటలివి. యాభయ్యేళ్ల ఆమె భర్తతో డాక్టరు: "ఈ వయసులో మళ్లీ రొమ్మెందుకండీ?" పెళ్లికాని అమ్మాయి తల్లితో: "చేయించండమ్మా, రేపు సంబంధాలు రావద్దూ?" రెండు మాటల్లోనూ రొమ్ము మగవాడి కోసమే! ఆమెను అడిగిందెవరు?

పొట్టమీది చర్మం, కొవ్వు తీసి రొమ్ము మలుస్తారు. గంటలకొద్దీ ఆపరేషన్, పొట్టమీద పొడుగాటి కోత. మునుపటి స్పర్శ పూర్తిగా తిరిగి రాదు. ఇదంతా రొమ్ము తీయకముందే ఆమెకే చెప్పాలి.

రొమ్ము తొలగింపుకు డబ్బు చెల్లించే ఆరోగ్య బీమా పునర్నిర్మాణానికీ చెల్లించాలని అమెరికా 1998లో చట్టం చేసింది. దీన్ని అందాల మోజని కొట్టిపారేయడం అన్యాయం. కావాలనే హక్కు ఎంతో, కృత్రిమ రొమ్మును సైతం నిరాకరించిన నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్‌లా వద్దనే హక్కూ అంతే. శరీరం ఆమెది, నిర్ణయమూ ఆమెదే కావాలి.