ఆసుపత్రి వరసలో మనవాళ్లెవరు, పరాయివాళ్లెవరు?

పోస్టు కాస్త పెద్దది. ఓపికగా చదవండి, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

రాబోయే సర్వసభ్య సమావేశానికి ఒక ప్రతిపాదన వచ్చింది. మన బరంపురంలో సర్కారు ఆసుపత్రికి వెళ్లే సభ్యుల కుటుంబాలకు సంఘం లెటర్‌హెడ్ మీద సిఫారసు ఉత్తరం ఇవ్వాలట. అది చూసి మంచం, స్కానింగ్ ముందుగా ఇవ్వమని అధికారులను కోరాలట. దాని కింద కొందరు రాసిన మాట: "ఆంధ్రా నుంచి వచ్చేవాళ్లతోనే వార్డులు నిండుతున్నాయి. పన్ను మనది, మంచం వాళ్లది."

ఈ ప్రతిపాదనను నేను వ్యతిరేకిస్తున్నాను. ఎందుకో చెప్తాను.

ముందు పన్ను సంగతి. ఇచ్ఛాపురం నుంచి పనికొచ్చే కూలీ మన బజారులోనే సబ్బు కొంటాడు, చెప్పులు కొంటాడు. ఆధార్ కార్డులో ఊరి పేరు చూసి జీఎస్టీ ఎవరినీ వదిలేయదు. ఒకవేళ అతను పైసా కట్టలేదనుకుందాం. అయినా సర్కారు ఆసుపత్రి పన్ను రసీదుకు బదులుగా ఇచ్చే సరుకు కాదు. అక్కడ అర్హత ఒక్కటే, జబ్బు.

ఇక "వాళ్లు" ఎవరు? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఇచ్ఛాపురం, బరంపురం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లావే. గీత గీసినంత మాత్రాన దూరం పెరగలేదు. ఇప్పటికీ సుమారు పాతిక కిలోమీటర్లే. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది కదా, అక్కడికే వెళ్లమనండి అంటున్నారు. ఉద్దానం కిడ్నీ రోగులకు అది పెద్ద ఆసరా, కాదనను. కానీ ఇచ్ఛాపురం దగ్గర లారీ గుద్దినవాడు తలకు దెబ్బతో ఏ ఊరికి వెళ్లాలి? దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికే.

పోనీ, లెక్క తిరగేసి చూడండి. కోరాపుట్, రాయగడ రోగులు విశాఖ కేజీహెచ్‌కు వెళ్లడం ఈనాటిది కాదు. మన గంజాం కుర్రాళ్లు లక్షల్లో సూరత్ మగ్గాల మీద బతుకుతున్నారు. రేపు అక్కడివాళ్లు "ఒడిశావాళ్లకు మంచం లేదు" అంటే మనం ఊరుకుంటామా? మనకు అక్కడ అక్కర్లేని నియమం ఇక్కడ ఎందుకు కావాలి?

రద్దీ అబద్ధమని నేననడం లేదు. ఒక రాష్ట్రం బడ్జెట్ తన జనాభా లెక్కకే వేసుకుంటుందన్న మాటా నిజమే. దానికి మందు ప్రభుత్వాల మధ్య లెక్క తేల్చుకోవడం. ఆయుష్మాన్ భారత్‌లో ఆ దారి ఉంది. కార్డుతో వేరే రాష్ట్రంలో వైద్యం చేయించుకుంటే ఖర్చు రోగి సొంత రాష్ట్రం భరిస్తుంది. 2025లో ఒడిశా కూడా అందులో చేరింది. అడగాల్సింది ఇంకొన్ని మంచాలు, ఇంకొందరు నర్సులు. వరసలో ఇంకొకరిని వెనక్కి నెట్టమని కాదు.

ఇప్పుడు అసలు మాట. వరసను చెడగొట్టేది పక్క జిల్లా కూలీ కాదు, ఫోన్ చేసి ముందుకు దూరేవాడు. రెండంతస్తుల మేడ ఉండి పేదవాడి ఆదాయ పత్రం సంపాదించేవాడు. వీళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు, మన సంఘంలో లేరని గుండె మీద చెయ్యేసి చెప్పగలమా? సంఘం ఉత్తరం ఇస్తే ఆ దొడ్డిదారికి మన ముద్ర వేసినట్టే. కంచే చేను మేయడం అంటే ఇదే.

1992లో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీని కలకత్తా సర్కారు ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచాల్లేవని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రికి వేల రూపాయలు పోశాడు. 1996లో సుప్రీంకోర్టు, అత్యవసర వైద్యం నిరాకరించడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని తీర్పిచ్చి, పరిహారం ఇప్పించింది. ఆ హక్కు "ప్రతి వ్యక్తికీ" అని రాజ్యాంగం అంటోంది, "సంఘ సభ్యులకు" అని కాదు. మన ఉత్తరం పట్టుకుని ఒకరు మంచమెక్కితే, అంతకన్నా ప్రాణం మీదికొచ్చిన ఇంకొకరు నేల మీద ఉంటారు. ఆ లెక్క ఎవరు చెప్తారు?

సంఘం చేయగలిగిన పని వేరే ఉంది. ఒడియా చదవడం రాక, ఏ కౌంటరుకు వెళ్లాలో తెలియక నిలబడిపోయే తెలుగువాళ్లు రోజూ ఉంటారు. రోజుకు ఇద్దరు సభ్యులం, రెండు భాషలూ వచ్చినవాళ్లం, ఉదయం ఓపీ వేళ అక్కడ ఉందాం. చీటీ రాయించడం, కార్డు చూపించడం, డాక్టరు మాట అర్థమయ్యేలా చెప్పడం, ఇంతే. సభ్యుడా కాదా అని అడగొద్దు. ఒడియా ముసలమ్మ అడిగినా చేయాలి.

సమావేశంలో ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకోవాలని, దాని స్థానంలో ఈ తీర్మానం పెట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. సోమవారాలు నావి. మిగతా రోజులకు పేర్లు కింద రాయండి.