బహిష్కరణ ఎవరికి సాధ్యం?

2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులు ప్రకటించింది. మన వివరాలు కొన్ని దాని యజమాని ఫేస్‌బుక్‌కు చేరతాయి, ఫిబ్రవరి 8 లోగా ఒప్పుకోకపోతే ఖాతా వదులుకోవాల్సిందే. ఐరోపా వాళ్ళకి వేరే షరతులు, మనకి వేరే. కోపమొచ్చిన ఎందరో సిగ్నల్‌కు, టెలిగ్రామ్‌కు మారిపోయారు. నెల్లూరులో మా సంఘం కూడా బహిష్కరణ తీర్మానం చేసింది. రాసింది నేనే.

మైపాడు వైపు జరిగిన సమావేశంలో ఆ తీర్మానం చదివి వినిపించాను. రొయ్యలు వలిచే పనికి పోయే ఒక చెల్లెలు లేచి, "అక్కా, రేపు బస్సు ఎన్నింటికొస్తాదో, ఎంతమంది కావాలో మేస్త్రి ఆ గ్రూపులోనే పెడతాడు. నేను తీసేస్తే నాకు కూలి ఎవరిస్తారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నెల తిరక్కుండానే పట్నంలో ఉన్న మేమూ ఒక్కొక్కరమే తిరిగి అందులో చేరిపోయాం. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఈ పేజీల్లో రాయలేదు.

బహిష్కరణ వృథా అయిందనను. కంపెనీ గడువును మే 15కి జరిపింది, ఒప్పుకోనివాళ్ళ ఖాతాలు తీసేయబోమని కూడా చెప్పింది. షరతులను మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఒప్పుకుంటే ఉండు, లేకుంటే పో అనే ఆ పద్ధతి ఆధిపత్య దుర్వినియోగమేనని కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో తేల్చి, అప్పటికి మెటాగా పేరు మార్చుకున్న ఆ కంపెనీకి 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ప్రకటనల కోసం ఐదేళ్ళపాటు మన వివరాలు పంచుకోరాదనీ ఆదేశించింది. ఏడాది తర్వాత అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను ఉంచి, ఐదేళ్ళ నిషేధాన్ని కొట్టేసింది. అంత పెద్ద బహుళజాతి కంపెనీకి 213 కోట్లంటే చిల్లర డబ్బులే!

ఇలాంటప్పుడు నాకు దూబగుంట గుర్తొస్తుంది. 1991లో కలిగిరి మండలంలోని ఆ ఊరినుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటంలో ఆడవాళ్ళు కొనుగోలుదార్లు కాదు. తాగింది మగవాళ్ళు. కూలి డబ్బులు పోగొట్టుకుని, దెబ్బలు తిని, ధర చెల్లించింది వీళ్ళు. తాగొద్దని మొగుళ్ళను బతిమాలుకోవడంతో ఆగి ఉంటే ఒక్క దుకాణమూ మూతపడేది కాదు. వాళ్ళు దుకాణాలు మూయించారు, వేలంపాటలకు అడ్డం నిలిచారు, సర్కారును దాని రాబడి దగ్గర పట్టుకున్నారు. 1993 ఏప్రిల్లో మన జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. (1995లో వచ్చిన మద్యనిషేధాన్ని 1997లో ఎలా ఎత్తేశారన్నది వేరే కథ.)

మానుకోగలిగినవాళ్ళం మానుకుందాం. మానుకోలేని చెల్లెలికి చైతన్యం లేదని మాత్రం ఎవరూ అనొద్దు. ఎయిర్‌టెల్ సిమ్ ఉన్నామె బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ ఉన్నామెకు ఫోన్ చేసుకోగలదు. కంపెనీలు దయతలచి ఇచ్చిన సౌకర్యం కాదది, నిబంధన ఉంది కాబట్టి ఇచ్చారు. ఒక యాప్ నుంచి మరో యాప్‌కి సందేశం పోవాలని మనమెందుకు అడగకూడదు? ఐరోపా యూనియన్ తన డిజిటల్ మార్కెట్ల చట్టంలో వాట్సాప్‌కు ఆ బాధ్యత పెట్టింది, 2024 మార్చి నుంచి అది అమల్లోకి వచ్చింది. అలాంటి నిబంధన ఇక్కడ ఉంటే ఆ చెల్లెలు కూలి పోగొట్టుకోకుండానే వాట్సాప్ వదిలి వెళ్ళగలిగేది.

ఢిల్లీని అడగడానికి సంతకాల సేకరణ మొదలుపెట్టాం. ఈలోగా వచ్చే నెల మైపాడు సమావేశానికి మేస్త్రిని కూడా పిలుస్తున్నాం. బస్సు సమాచారం మామూలు ఎస్సెమ్మెస్‌గా కూడా పంపమని అతన్ని అడగాలి.