కంప్యూటరునకును కాపలా వలయును

"యంత్రము వేగముగనే నడచుచున్నది గదా, సవరణ లెందులకు?" అని కొందరు తలిదండ్రులు మమ్ము అడుగుచున్నారు. వేగము వేరు, భద్రత వేరు. యూనిక్సు ఒరవడిలో పుట్టిన లినక్సునందు 'టాప్' అని ఆజ్ఞ నిచ్చినచో ఏ పని యెంత మెమరీని మ్రింగుచున్నదో కానవచ్చును. తలుపు గడియ ఊడినదని మాత్ర మది చెప్పదు. 2001లో మూతపడిన మన బంగారు గనులలో పైకి గట్టిగా నున్న రాయియే ఒక్కసారిగ పగిలి ప్రాణములు తీసెడిది. అందుకే అచట భూకంపమాపకములు పెట్టిరి.

2020లో వెలువడిన ఉబుంటు 20.04కు సాధారణ భద్రతా సవరణలు 2025తో ఆగినవి. అట్టి యంత్రములో పిల్లల పేర్లు, మార్కులు ఉంచుట మాకు సమ్మతము కాదు. వారమున కొక పీరియడు పోయినను సరియే, ఆ గంట సవరణలకే ఈయవలెను. తొమ్మిదవ తరగతి పిల్లలే ఆ పని చేయగలరు. పాస్‌వర్డు మాత్రము ఉపాధ్యాయుని చెంతనే ఉండవలెను.