చెట్టునకు చెట్టు

కాలువలు వలదని జలదంకి రైతు అనఁడు. నీటి విలువ మెట్టసీమవారికిఁ దెలియును. అడవి నఱికినందులకుఁ బరిహారముగా వేఱొకచోట వనము పెంచవలెనను నియమమును మంచిదే. 2016లో దానికిఁ బ్రత్యేకనిధి శాసనము కూడ వచ్చినది. కాని యే నేలలో నాటుదురు? ఉదయగిరి ప్రాంతపు చిట్టడవులను వట్టి బీడులుగా లెక్కించి నీలగిరి మొక్కలు పాతినచో, అది పరిహారమా, రెండవ నష్టమా? 1900 తరువాతఁ గానరాక 1986లో కడప జిల్లాలో మరలఁ గన్పట్టిన కలివికోడికి అట్టి ముళ్లపొదలే నివాసము. దానికొఱకుఁ దెలుగుగంగ కాలువ దారినే మార్పవలసివచ్చెను. కాలువను మరల్పవచ్చును, ఆ పొదల నేలను మనము నాటి యీయఁజాలము. కావున ప్రభుత్వమువారు తప్పింపఁదగిన నష్టమును మొదటఁ దప్పించి, తప్పనిదానికే పరిహారవనము నిర్ణయింపవలెను. స్థలనిర్ణయమునకు ముందు గొఱ్ఱెలకాపరులను గూడ విచారింపవలెను. వారి మేతబీడు పోయినచో దానికిఁ బరిహార మేచట నాటుదురు?