కట్టప్ప ఎవరి మనిషి?

‘బాహుబలి’ మొదటి భాగం 2015 జులై 10న విడుదలైంది. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది. ఆ మధ్య ఇరవై ఒక్క నెలలూ తెలుగువాళ్ళందరికీ ఒకటే ప్రశ్న: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? సౌదీ అరేబియాలో మా శుక్రవారపు భోజనాల్లో బిర్యానీ కంటే ముందు ఈ ప్రశ్నే వడ్డించేవారు.

భల్లాలదేవుడికి అమ్ముడుపోయాడని ఒకాయన. చచ్చింది బాహుబలి కాదు, ఆ పోలికలున్న మరొకడని ఇంకొకాయన. బాహుబలే తనని చంపమని వేడుకుని ఉంటాడని మూడో ఆయన. శివగామి ఆజ్ఞ అయి ఉంటుందన్నవాళ్ళూ లేకపోలేదు. చివరికి వాళ్ళ మాటే నిజమైంది. ఎవరి ఊహ నెగ్గిందన్నది కాదు నా గొడవ. అసలు ప్రశ్నే తప్పంటాను.

అందరూ వెతికింది ఒక్కటే: కట్టప్ప విశ్వాసం ఎవరి మీద? హ్యారీ పాటర్ పాఠకులు కూడా స్నేప్ ఎవరి పక్షమని 2005 నుంచి 2007 దాకా, ఆరో పుస్తకానికీ ఏడో పుస్తకానికీ మధ్య, ఇలాగే తలలు పట్టుకున్నారు. అక్కడ ఆ ప్రశ్నకు అర్థముంది. స్నేప్ తన పక్షాన్ని తానే ఎంచుకున్నాడు. మన భీష్ముడూ అంతే, ప్రతిజ్ఞ తానే చేశాడు. కురుక్షేత్రంలో ధర్మరాజు దీవెన కోసం వచ్చినప్పుడు, కౌరవుల అర్థానికి కట్టుబడిపోయానని దాచకుండా ఒప్పుకున్నాడు.

కట్టప్ప ఏం ఎంచుకున్నాడు? మొదటి భాగంలోనే అస్లంఖాన్ అతని పనితనానికి ముచ్చటపడి, బానిసత్వం నుంచి విడిపిస్తానంటాడు. మా పూర్వీకులు సింహాసనానికి మాట ఇచ్చారంటాడు కట్టప్ప. తాతలు ఇచ్చిన మాటకి మనవడి మెడ! సమాధానం సగం అక్కడే ఉంది. మనం ఆ సన్నివేశానికి చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి చిక్కుముడి విప్పడానికి కూర్చున్నాం.

నా వృత్తిలో ఒక సిస్టంలో ఫైలు చెరిగిపోతే, చెరిపిన ప్రోగ్రాం శీలం ఎలాంటిదని ఎవరూ చర్చించరు. ఆజ్ఞ ఎవరిది, కాదనే వీలు దానికి ఉందా అని చూస్తాం. యంత్రం విషయంలో ఉన్న ఈ ఇంగితం మనిషి విషయంలో ఏమైపోయింది?

మరెక్కడైనా సరేగాని, సౌదీలో ఉన్నవాళ్ళకి ఇది తట్టకపోవడమే విచిత్రం. ఆ రెండు భాగాలూ వచ్చినప్పుడు ఇక్కడ సినిమా హాళ్ళే లేవు. రియాద్‌లో మొదటి హాలు తెరిచింది 2018 ఏప్రిల్ 18న. హాల్లో చూడాలంటే కింగ్ ఫహద్ వంతెన మీదుగా బహ్రెయిన్ వెళ్ళాలి. వంతెన దాటాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కావాలి. దానికి కఫీల్ ఒప్పుకోవాలి. అంటే, యజమాని అనుమతితో వెళ్ళి చూసొచ్చి, కట్టప్ప ఎందుకు కాదనలేకపోయాడా అని ఆశ్చర్యపోయామన్నమాట!

ఒక శుక్రవారం ఈ చర్చ జోరుమీదుండగా, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఇంటి డ్రైవరొకతను గుమ్మం దగ్గర నుంచి అడిగాడు: “సార్, గాయనకు ఇడిసిపెట్టి పోయేతందుకు తొవ్వ ఉన్నదా?” నవ్వేసి మళ్ళీ భల్లాలదేవుడి కుట్రలోకి వెళ్ళిపోయారు మావాళ్ళు. ఆ గదిలో అర్థమున్న మాట అదొక్కటే.

“సినిమాని సినిమాలా చూడవయ్యా” అంటారు. చూద్దును. కాని ఉప్పు తిన్న విశ్వాసం అనే మాట సినిమాలోనే ఆగదు. బకాయి జీతం అడిగినవాణ్ణి విశ్వాసం లేనివాడనే యజమానులున్నారు. పని వదిలి పారిపోయాడని కఫీల్ ఫిర్యాదు చేస్తే పడే ముద్రకి ‘హురూబ్’ అని పేరే ఉంది. ఎందుకు వెళ్ళాడన్నది ఆ ముద్రలో ఉండదు.

ఇంకో వాదన: “మా కఫీల్ దేవుడండీ.” కావచ్చు. శివగామి ధర్మంగా పాలించింది, అప్పుడూ కట్టప్ప బానిసే. బాహుబలి నోరారా “మామా” అన్నాడు, అప్పుడూ బానిసే. నువ్వు చంపకపోతే నేనే చంపుతానని శివగామి అన్ననాడు ఆ ప్రేమలేవీ అతనికి అడ్డుపడలేదు. మంచి యజమాని దొరకడం అదృష్టం. అదృష్టం హక్కు కాదు.

2021 మార్చి 14 నుంచి సౌదీ ప్రైవేటు రంగంలో కఫీల్ అనుమతి లేకుండా ఉద్యోగం మారడానికీ, దేశం దాటడానికీ కొన్ని షరతులతో వీలు కలిగింది. నాబోటి కంప్యూటరు వాళ్ళకి ఊరట. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, ఇంటి డ్రైవర్లు, గొర్రెల కాపరులు, తోటమాలులు ఆనాటి మార్పులో చేరలేదు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన మనవాళ్ళు ఎందరో ఆ పనుల్లోనే ఉన్నారు.

ఇరవై ఒక్క నెలలు “ఎందుకు చంపాడు” అని అడిగాం. జవాబు దొరికింది, తృప్తిపడ్డాం. “ఎందుకు బానిసగా ఉన్నాడు” అని ఇరవై ఒక్క రోజులైనా అడగలేదు. రేపు మరో మహారాజు కథ వస్తుంది, మరో నమ్మినబంటు కత్తి దూస్తాడు. వాడు ఎవరి మనిషని పందేలు కాసేముందు, వాడు తన మనిషిగా ఉండే వీలు ఎవరైనా ఇచ్చారా అని అడగండి. ఆ తర్వాత కావలసినన్ని సిద్ధాంతాలు అల్లుకుందాం.