బద్ధకం ఒక కారణమేనా?



పేరెంట్స్ మీటింగ్‌లో కౌన్సెలర్ టేబుల్ ముందు కూర్చోగానే మీలో చాలామంది చెప్పే మొదటి మాట ఒకటుంది. "మావాడికి తెలివి ఉంది మేడమ్, బద్ధకం అంతే." హోంవర్క్ ఎందుకు చేయడం లేదు? బద్ధకం కాబట్టి. బద్ధకమని ఎలా తెలిసింది? హోంవర్క్ చేయడం లేదు కాబట్టి. చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చాం. కారణం చెప్పాం అనుకుంటున్నాం గానీ, కనిపిస్తున్నదానికే ఇంకో పేరు పెట్టాం.

ఇలాంటి పేర్లను కారణాలుగా ఒప్పుకోనన్నవాడు అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్. 1953లో వచ్చిన ఆయన పుస్తకం 'సైన్స్ అండ్ హ్యూమన్ బిహేవియర్'లో ఈ వాదన ఉంది. అంతకు నలభై ఏళ్ల ముందు, 1913లో, జాన్ వాట్సన్ మనస్తత్వశాస్త్రం బయటికి కనిపించే ప్రవర్తననే చదవాలన్నాడు. స్కిన్నర్ అంత దూరం పోలేదు. ఆలోచన, బాధ, భయం నిజమే, అవి మన లోపల జరిగేవే అన్నాడు. అయితే అక్కడితో ఆగకూడదు, ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా వెతకాలన్నాడు. ప్రవర్తనవాదం అంటే మనసు లేదనే వాదం అని చాలామంది అనుకుంటారు. స్కిన్నర్ విషయంలో అది సరికాదు.

అమెరికా సంగతులు మనకెందుకు అంటారా? ఈ చూపుతో పనిచేసిన సంస్థ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. బోయిన్‌పల్లి వైపు మనోవికాస్ నగర్ బోర్డు మీరు చూసే ఉంటారు. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో పెట్టిన జాతీయ సంస్థ అది. ఇప్పుడు ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి. అంటున్నారు. అక్కడ పనిచేసిన రీటా పేషావరియా, ఎస్. వెంకటేశన్ 1992లో భారతీయ పిల్లల కోసం ఒక ప్రవర్తనా కొలబద్ద తయారుచేశారు. దాని మొదటి భాగంలో 280 నైపుణ్యాలుంటాయి. ఒక్కోదానికి వచ్చా రాదా అని టిక్ పెట్టి వదిలేయరు. తనంతట తాను చేస్తాడా, చిన్న సూచన ఇస్తే చేస్తాడా, నోటితో చెబితే చేస్తాడా, చెయ్యి పట్టి చేయిస్తే చేస్తాడా, పూర్తిగా మనమీదే ఆధారపడతాడా అని చూస్తారు. రెండో భాగంలో 75 సమస్యా ప్రవర్తనలు. 'చెడ్డపిల్లాడు' అని రాయరు. తన్నడం, తోయడం, గిల్లడం లాంటివి, ఎవరు చూసినా ఒకేలా కనిపించేవి రాస్తారు.

అది శిక్షణ ఉన్నవాళ్లు వాడాల్సిన పరికరం, ఇంట్లో పరీక్షగా పెట్టేది కాదు. మనం తీసుకోవాల్సింది ఆ చూపు. 'లెక్కల్లో బద్ధకం' అన్న చోట 'పుస్తకం తీశాడు, పది నిమిషాలు కూర్చున్నాడు, హారాలు వేరుగా ఉన్న భిన్నాల దగ్గర ఆగిపోయాడు' అని రాసి చూడండి. మొదటి మాటకు మందు తిట్టు, లేదా ఇంకో ట్యూషన్. రెండోదానికి మందు క.సా.గు. మళ్లీ నేర్పడం, అంతే.

ఇంకో సంగతి చూడండి. రాత్రి ఎనిమిదింటికి పుస్తకం తీయమంటారు. పాప ఏడుపు మొదలుపెడుతుంది. కాసేపు చూసి "సరేలే, అన్నం తిని పడుకో" అంటారు. ఏడిస్తే పుస్తకం పక్కకు పోతుందని పాప నేర్చుకుంది. వదిలేస్తే ఏడుపు ఆగుతుందని మీరూ నేర్చుకున్నారు! ఒకరికొకరు పాఠం చెప్పుకున్నారు, ఇద్దరికీ తెలియకుండానే. దెబ్బ కూడా ఇలాంటిదే. అల్లరి వెంటనే ఆగుతుంది కాబట్టి కొట్టిన చేతికి అలవాటవుతుంది. పిల్లవాడికి మాత్రం ఏం చేయాలో తెలియదు, ఎవరి ముందు చేయకూడదో తెలుస్తుంది. శిక్షను స్కిన్నర్ గట్టిగా వ్యతిరేకించాడు. బడిలో దాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇంట్లో సంగతి మీకే వదిలేస్తున్నాను.

పిల్లలేమైనా ఎలుకలా అని ఒక నాన్నగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. బహుమతి పెడితే ఏ పనైనా చేయించవచ్చు అనుకోవడం ప్రమాదం. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు ఒక నర్సరీలో బొమ్మలు వేయడం ఇష్టపడే పిల్లలను తీసుకున్నారు. కొందరికి వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ల తర్వాత ఖాళీ సమయంలో వాళ్లే తక్కువ బొమ్మలు వేశారు. చెప్పకుండా ఇచ్చిన వాళ్లకు అలా జరగలేదు. అందుకే ఇష్టంగా చదివే పిల్లకు పేజీకింత అని చాక్లెట్ లెక్క కట్టకండి.

స్కూల్ పత్రికలో రాయడం కొంచెం ఇబ్బందే గానీ, మా కారిడార్లలోని ర్యాంకుల బోర్డుకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది. మొదటి ముగ్గురి పేర్లు చూసి ముప్పై ఏడో పిల్లవాడు ఏం నేర్చుకుంటున్నాడు? 1953 నవంబరులో స్కిన్నర్ తన కూతురి లెక్కల క్లాసులో కూర్చున్నాడు. అందరూ ఒకే వేగంతో సాగాల్సి రావడం, చేసింది తప్పో ఒప్పో వెంటనే తెలియకపోవడం ఆయనకు నచ్చలేదు. బోధనా యంత్రం ఆలోచన అక్కడ పుట్టింది. మన వీక్లీ టెస్ట్ పేపర్ పిల్లల చేతికి ఎన్ని రోజులకు వస్తోంది? మీరు అడగాల్సిన ప్రశ్న ర్యాంకు కంటే ఇదేనని నా అభిప్రాయం.

వచ్చే మీటింగ్‌కు ఒక కాగితం తెండి. మూడు గళ్లు గీయండి: ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, తర్వాత మీరేం చేశారు. ఏడు సాయంత్రాలు రాస్తే చాలు. బద్ధకం, మొండి, కేర్‌లెస్ అనే మాటలు అందులో వద్దు. మా టీచర్లు డైరీలో ఆ మాటలు రాస్తే, ఎర్ర పెన్నుతో గీత గీసి "ఏం చేశాడో రాయండి" అని వెనక్కి పంపండి.